తెలుగు బైబిలులో ‘సన్నిధి’: ఒక పదవిచారము

క్రైస్తవ భక్తుని సాధన దేవుని సన్నిధిని వెదకుట, ఆయన కటాక్షమును పొందుట అను రెండు మాటలలో నిమిడియున్నది. ఈ మాటలు తెలుగునకు క్రొత్తవి కావు. గుడిలోను రాజసభలోను శతాబ్దుల తరబడి మెలగి అర్థభారమును సంపాదించుకొన్నవి. విశాఖపట్టణమున జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనువారు ఆనందరాయని తోడ్పాటుతో 19వ శతాబ్ది యారంభమున సువార్తలను తెనిగింపబూనిన నాటినుండి అనువాదకులు మన భక్తివాఙ్మయపు పదసంపదనే యాశ్రయింపవలసి వచ్చినది. అందువలన కలిగిన లాభనష్టములను, నేటికిని బహుళముగ చదువబడుచున్న ప్రాచీనానువాదము నాధారముగ గొని, విచారింపదలచితిమి.

‘సన్నిధి’ యనగా సామీప్యము. వాడుకలో దేవుని మూలవిరాట్టు నెదుట నిలుచు తావు. నిధిని సన్నిధితో తూచిన త్యాగరాజ కల్యాణిరాగ కృతి నెఱిగినవారికి ఈ మాటయందలి యాకర్షణము వేఱుగ చెప్పనక్కఱలేదు. కాని హీబ్రూ మూలమున దీని స్థానమున పెక్కుచోట్ల నున్నది ‘పానీమ్’ అను శబ్దము. దానికి మొదటి యర్థము ముఖము.

నిర్గమకాండము 33వ అధ్యాయమును చూడుడు. 11వ వచనమున దేవుడు మోషేతో మాటలాడిన తీరునకు తెలుగున ‘ముఖాముఖి’ యని యున్నది. 14వ వచనమున వెంట వత్తునన్నది ‘సన్నిధి’. 20వ వచనమున చూడరానిది ‘ముఖము’. మూడు తావులను మూలమున నున్నది ఒక్క శబ్దమే. ముఖాముఖి మాటలాడిన వానికే ముఖదర్శనము నిషిద్ధమగుట, ఆ ముఖమే ప్రయాణమున తోడగుట అను ఈ వైచిత్రి యంతయు నొక్క పదముపై తిరుగుచున్నది. తెలుగు చదువరికి మొదటిదియు మూడవదియు ఎదురుపడును గాని నడిమిది వానితో చేరదు.

ఇంతకంటె పెద్ద నష్టము 27వ కీర్తనలో జరిగినది. 8వ వచనమున భక్తుడు వెదకునది సన్నిధి. మఱుసటి వచనమున దాచవలదని వేడునది ముఖము. వెదకినదానినే దాచవలదనుచున్నాడన్న సంగతి మఱుగుపడినది. పైగా 139వ కీర్తన ప్రకారము దేవుని సన్నిధినుండి పాఱిపోవుటకు చోటే లేదు. పాఱిపోరాని దానిని వెదకుట యేల? మా విద్యార్థులు తఱచుగ నడుగు ప్రశ్న యిది; అడుగదగినదే. అచ్చటను మూలశబ్దము పానీమే యన్నది నిజము. అయినను ముఖమను నర్థము మనసున నున్నవానికి ఈ చిక్కు రాదు. ఒక యింట నున్నవాడే మొగము త్రిప్పుకొనవచ్చును. సామీప్యము తొలగకయే ప్రసన్నత తొలగవచ్చును. సన్నిధికి త్రిప్పుకొనుట లేదు.

సంఖ్యాకాండము 6వ అధ్యాయపు ఆశీర్వచనమున ప్రకాశించునది సన్నిధి. 67వ కీర్తనలో అదే భావమునకు ‘ముఖకాంతి’ యను చక్కని సమాసము కుదిరినది. ముఖము ప్రకాశించును గాని సామీప్యము ప్రకాశించుట యెట్లు? చేతిలో మంచి మాట యుండియు వాడకపోవుట మాకు వింతగ నున్నది.

‘కటాక్షము’ విషయమున మాత్రము అనువాదకులను మెచ్చుకొనవలెను. మూలమున ‘కన్నులయందు దయ పొందుట’ యను పలుకుబడి కలదు. ఆదికాండము 6వ అధ్యాయమున నోవహు విషయమై దానిని ‘దృష్టియందు కృప’ యని మాటకు మాటగ తెచ్చిరి. మోషే ప్రార్థనలో ‘కటాక్షము’ అనిరి. కడకంటి చూపు అను వ్యుత్పత్తివలన కన్ను పోలేదు, తెలుగును చెడలేదు. లక్ష్మీకటాక్షమను వాడుకవలన ఈ మాటకు సిరిసంపదల వాసన యంటినదని యాక్షేపింపవచ్చును. ఆ వాసనను పోగొట్టునది ఈ సందర్భమే. పాలు తేనెలు ప్రవహించు దేశమును, ముందు నడచుటకు దూతను దేవుడు ముందే యిచ్చెదనన్నాడు. తాను మాత్రము రాననెను. మోషే దానికి సమ్మతింపలేదు. తోడు రానిచో కదలనే వలదనెను. అతని దృష్టిలో కటాక్షమునకు గుర్తు దేశము కాదు, వెంట వచ్చు ముఖము. కటాక్షమును ఐశ్వర్యముగ వ్యాఖ్యానించు బోధకులు ఈ యధ్యాయమును తొందరగ దాటిపోవుట మేమెఱుగుదుము.

నూతన నిబంధనలో పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికయందు (4వ అధ్యాయము) దేవుని మహిమ వెలిగినది క్రీస్తు ముఖమున ననుటకు గ్రీకున ‘ప్రొసోపోన్’ అను శబ్దమును వాడినాడు. పానీమునకు గ్రీకు పర్యాయముగ వచ్చిన దిదియే. చూడరాని ముఖము చూడదగిన ముఖమైన దను క్రైస్తవ విశ్వాసమునకు ఈ శబ్దపరంపరయే యాధారము.

సన్నిధిని తొలగింపుమని మేము కోరుట లేదు. అది తెలుగు క్రైస్తవుని ప్రార్థనలో వేళ్లూనిన మాట. నిర్గమకాండము 33:14నను, కీర్తన 27:8నను అడుగున ‘మూలమున ముఖము’ అని యొక చిన్న సూచిక ముద్రించినచో చాలును.