దూరదర్శన్ రామాయణం - స్త్రీల పాటలు

1987 జనవరి నుంచి 1988 జూలై వరకు ఆదివారం ఉదయాల్లో దూరదర్శన్ ప్రసారం చేసిన రామానంద్ సాగర్ ‘రామాయణ్’ బహుళ రామకథలను ఒకే కథగా కుదించిందని 1989లో రొమిలా థాపర్ విమర్శించారు. తెలుగునాట ఈ వాదానికి ఒక సవరణ అవసరం. హిందీ రాని ప్రేక్షకులు ఆ ధారావాహికను అనుసరించగలిగింది హరికథల్లో, తోలుబొమ్మలాటల్లో, సినిమాల్లో అంతకుముందే ఎరిగిన కథ బలంతోనే. సంభాషణ బోధపడని చోటల్లా తమ రామాయణంతో పూరించుకున్నారు. ఆ తరం చూసినది పూర్తిగా సాగర్ రామాయణం కాదు.

నష్టం మరొక చోట ఉంది. ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాటలో పద్నాలుగేళ్ల తర్వాత తనను మేల్కొలిపిన లక్ష్మణుణ్ణి ఊర్మిళ పరపురుషుడనుకొని మందలిస్తుంది. ‘లక్ష్మణదేవర నవ్వు’లో, కారణం తెలియని ఒక్క నవ్వుకు రాముని కొలువులోని వారంతా ఎవరి లోపాన్ని వారు తలచుకొని నొచ్చుకుంటారు. (కొలువు గాంభీర్యాన్ని ఇంత చమత్కారంగా విప్పిన ఘట్టం మన ప్రబంధాల్లోనూ అరుదు.) ఇవి ఇంటి లోపలి గదుల్లో స్త్రీలు తమకోసం పాడుకున్నవి. ఇష్టమైన చోట నిలిచి, ఊర్మిళ మాటను మరికొంత సాగదీసే స్వేచ్ఛ పాడే స్త్రీకి ఉండేది. తెర ముందు కూర్చున్న స్త్రీకి అది లేదు.

ఈ పాటల క్షీణతను టెలివిజన్‌కే అంటగట్టడం తొందరపాటు. రేడియో, సినిమా ఆ పని ముందే మొదలుపెట్టాయి. అయితే రామకథను మొదట తెర మీదనే ఎరిగిన తరానికి, బోధపడని సంభాషణను పూరించుకోవడానికి ఊర్మిళ పాట చేతిలో లేదు. అది అచ్చు సంకలనాల్లో ఉంది.