వియత్నాం వెళితే చెరువుగట్టున కూర్చోండి

వియత్నాం యాత్ర అనగానే ట్రావెల్ ఏజెంట్లు చేతికిచ్చే కాగితం దాదాపు ఒకేలా ఉంటుంది. హనోయి, హా లాంగ్ అఖాతం, దా నాంగ్ దగ్గరి బంగారు వంతెన, చివర హో చి మిన్ నగరం, మధ్యమధ్య విమానాలు. హనోయి సాయంత్రం పక్కన 'నీటి బొమ్మలాట' అని ఒక గంట కేటాయించి ఉంటుంది, రాత్రి భోజనానికి ముందు పొద్దుపుచ్చడానికన్నట్టు. ఈ వరుసను తిరగెయ్యాలన్నది నా వాదన. ఆ గంటను యాత్రకు ఇరుసుగా పెట్టుకుని, ఉన్న వారం రోజులూ ఎర్రనది డెల్టాలోనే తిరిగితే, సంస్కృతి అనీ తిండి అనీ ప్రకృతి అనీ విడివిడిగా వెతుక్కునేవన్నీ ఒక్కచోటే అర్థమవుతాయి. ఆ ఆట పుట్టిందీ, అక్కడి వంటకు సరుకు దొరికిందీ, ఆ నేలకు ఇప్పటి రూపు వచ్చిందీ నీళ్లు నిలిచిన వరిచేల వల్లే.

ఈ మాటకు పాత సాక్ష్యం రాతి మీదే ఉంది. హనోయికి దక్షిణాన దోయ్ సన్ కొండ మీది పగోడాలో 1121 నాటి శిలాశాసనం ఉంది. లీ వంశపు రాజు న్యాన్ టోంగ్ ఎదుట నీటి మీద జరిగిన ఒక వేడుకను అది వర్ణిస్తుంది. మూడు కొండలను వీపున మోస్తున్న బంగారు తాబేలు అలల మీద తేలుతూ వస్తుంది, కళ్లు తిప్పుతుంది, నోటితో నీళ్లు చిమ్ముతుంది. నీటి బొమ్మలాటకు దొరికే తొలి లిఖిత ఆధారంగా పరిశోధకులు దీన్నే చూపిస్తారు. అదే రాజు హయాంలో 1108లో రాజధాని థాంగ్ లాంగ్ దగ్గర, అంటే ఇవాళ్టి హనోయి దగ్గర, ఎర్రనదికి కరకట్ట పోశారు. కట్ట నుంచే బొమ్మ పుట్టిందని శాసనం చెప్పదు. కానీ నీటి అడుగున కనపడని పని చేసి, పైన కావలసిన ఫలితం రప్పించే నేర్పు రెండింటికీ కావాలి. డెల్టా పల్లెలో ఇల్లు కట్టాలంటే ముందు మట్టి పోసి నేలను మెరక చేయాలి. మట్టి తవ్విన చోట చెరువు పడుతుంది. వరదకు భయపడి మెరక చేసుకున్న ప్రతి ఊరికీ అలా ఒక రంగస్థలం కూడా అమరింది.

ఇక పనితనం సంగతి. బొమ్మను సాధారణంగా మేడి కర్రతో చెక్కుతారు. మన ఊళ్లలో పెరిగే మేడి చెట్టే అది. కర్ర తేలిక, నీటి మీద తేలుతుంది. చెక్కాక సోన్ అనే చెట్టు పాలతో తయారుచేసే పూతను పొరమీద పొరగా వేసి, ఆరబెట్టి, నునుపు చేసి, ఆపైన రంగులు వేస్తారు. ఈ పూత లేకపోతే కర్ర నీళ్లు పీల్చుకుని బరువెక్కి మునుగుతుంది. బొమ్మ ఎత్తు మామూలుగా 30 నుంచి 100 సెంటీమీటర్లు. పైకి కనిపించే భాగం సగం కథే. కింద నీళ్లలో మునిగి ఉండే దిమ్మ బొమ్మను నిటారుగా నిలబెడుతుంది. దానికి పొడవాటి వెదురు బొంగు తగిలిస్తారు, తిరగడానికి చుక్కాని అమరుస్తారు, చేతులూ తలా ఆడించడానికి దారాలు కడతారు. వెదురు తడక వెనక నడుములోతు నీళ్లలో నిలబడి ఆటగాళ్లు బొంగులు నడుపుతారు. ఊరేగింపులా వరుసగా సాగే బొమ్మలకు మరో పద్ధతి ఉంది. చెరువు అడుగున గుంజలు పాతి, వాటి చుట్టూ తాళ్లు తిప్పి, తడక వెనక నుంచి లాగుతారు. మురికినీరు ఇక్కడ లోపం కాదు, తెర. బొంగునీ తాడునీ దాచేదీ, బొమ్మ బరువు మోసేదీ, కదలికకు ఎదురొత్తిడి ఇచ్చేదీ ఆ నీరే. ఆ ఒత్తిడిని చేత్తో కొలుచుకుంటూ ఆడించడమే ఆటగాడి అసలు విద్య. నేల మీద ఆడే బొమ్మ ఆగమంటే ఆగుతుంది. నీటి బొమ్మ ఆగాక కూడా కాస్త జారుతుంది. ఆ జారుడును ముందే లెక్కలోకి తీసుకోవాలి.

ఇంత శ్రమపడి వాళ్లు ఆడించేది దేవతల కథలనే అనుకుంటే పొరపాటు. నాలుక చాపి నీళ్లు చిమ్మే డ్రాగన్లూ, జంటగా ఆడే ఫీనిక్స్ పక్షులూ, లే లోయ్ రాజు తాబేలుకు కత్తి తిరిగిచ్చిన కథా ఉన్న మాట నిజమే. కానీ వాటి మధ్యలో దుక్కి దున్నే రైతు, నాట్లు వేసే ఆడవాళ్లు, బుట్టవల పట్టుకుని చేపల వెంట పడేవాడు, బాతుల్ని మేపే ముసలి దంపతులు, బాతును ఎత్తుకుపోయి చెట్టెక్కే నక్క ఉంటారు. ప్రదర్శన మొదలుపెట్టేవాడు తెవ్ అనే బొద్దు కుర్రాడు. బానపొట్ట, నెత్తిన పిలకలు, చెరగని నవ్వు. ఆటను పరిచయం చేస్తూనే ఊరి పెద్దల మీద చురకలు వేస్తాడు. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు చేసే పని దాదాపు అదే. ఈ కళ విలువ ఇక్కడే ఉంది. వరి పండించేవాడు తన పనినే, ఆ పని జరిగే నీళ్లలోనే, తోటి రైతుల ముందు ఆడి చూపిస్తాడు. వేదికకీ, కథకీ, ప్రేక్షకుడి బతుక్కీ మధ్య ఇంత తక్కువ దూరం ఉన్న ప్రదర్శన కళలు చాలా అరుదు.

'వరిచేలూ చెరువులూ మన కోనసీమలో లేవా, దానికి విమానమెక్కాలా?' అని ఎవరైనా అడగవచ్చు. నా దృష్టిలో అది వెళ్లకపోవడానికి కాదు, వెళ్లడానికే కారణం. దమ్ము చేసిన చేలో కాలు పెట్టినప్పుడు బురద ఎలా పట్టుకుంటుందో తెలిసినవాడు, ఆ చెక్క గేదె నీళ్లలో నడిచే తీరులో ఏది నిజమో, ఎక్కడ నవ్వు కోసం పెంచారో ఇట్టే పోల్చుకుంటాడు. పాట అర్థం కాకపోవచ్చు. దానికి తోడుండేది ఉత్తర వియత్నాం జానపద నాటకమైన చెవ్ సంగీతం. డప్పులూ తాళాలూ ఒంటితీగ వాద్యమూ కలిసి మోగుతాయి. కానీ నాట్లు వేసే వంగుడుకు అనువాదం అక్కర్లేదు. మరో దేశపు యాత్రికుడికి వింతగా మాత్రమే కనిపించేది తెలుగు రైతు బిడ్డకు పరిచితంగానూ కొత్తగానూ కనిపిస్తుంది. యాత్రకు అంతకన్నా మంచి సరుకు లేదు.

రెండో అభ్యంతరం బలమైనది. ఇదంతా ఇప్పుడు టూరిస్టుల కోసం నడిచే తమాషా కదా అంటారు. హనోయిలో హోన్ కియెమ్ సరస్సు పక్కనున్న థాంగ్ లాంగ్ థియేటర్‌లో రోజుకు అనేక ఆటలు, ఒక్కోటి గంటలోపు, సిమెంటు తొట్టిలో జరుగుతాయి. ఇది నిజం. దీని వెనకటి కథ కూడా నిజం. ఒకప్పుడు ఈ విద్య ఊరి బొమ్మలాట సంఘాల గుట్టు. పెళ్లి చేసుకుని మరో ఊరికి వెళ్లిపోతారు కనక ఆడపిల్లలకు నేర్పేవాళ్లు కాదు. గుట్టు కళను కాపాడింది, కానీ నేర్చుకునేవాళ్లను తగ్గించింది కూడా. యుద్ధాల దశాబ్దాల్లో చాలా సంఘాలు చితికిపోయాయి. 1956లో ఏర్పడిన జాతీయ బొమ్మలాట సంస్థా, 1984లో ఫ్రాన్స్‌లో ఇచ్చిన ప్రదర్శనలూ, 1986లో దేశం మొదలుపెట్టిన ఆర్థిక సంస్కరణల తరవాత వచ్చిన యాత్రికులూ దీనికి మళ్లీ ఊపిరి పోశారు. ఇవాళ ఆ తొట్టిలో ఆడవాళ్లు కూడా నిలబడి బొమ్మలాడిస్తున్నారు. కాబట్టి టిక్కెట్టు ఆటను తీసిపారేయడం న్యాయం కాదు. దాన్ని తొలి పాఠంగా చూడాలి. పోయినదల్లా ఊరే. ఆ ఊరిని కలుపుకోవడం యాత్రికుడి చేతిలోనే ఉంది.

అందుకు ప్రణాళిక కష్టమేమీ కాదు. మొదటి సాయంత్రం థాంగ్ లాంగ్‌లో ఆట చూసి, మర్నాడు హనోయిలోని జాతుల మ్యూజియానికి వెళ్లాలి. దాని ఆవరణలోని చెరువులో పల్లె సంఘాలను పిలిపించి ఆడిస్తారు. పగటి వెలుతురు, మామూలు నీళ్లు, తేడా వెంటనే తెలుస్తుంది. తరవాత నగరానికి పడమరన థై పగోడా. కొలను నడుమ నీటి మండపం నిలబడి ఉంటుంది. కళకు ఆద్యుడని ఐతిహ్యం చెప్పే తూ దావ్ హాన్ అనే భిక్షువును అక్కడ కొలుస్తారు. చాంద్రమాన మూడో నెల తొలివారంలో తిరునాళ్లు జరుగుతాయి. ఆపైన దోంగ్ ఆన్ ప్రాంతంలోని దావ్ థుక్ పల్లె, అక్కడి సంఘం ఇంకా ఆడుతోంది. చివర దక్షిణంగా దోయ్ సన్ శాసనం. ఆ కొండ కిందే 987లో లే హోవన్ రాజు స్వయంగా నాగలి పట్టాడని చరిత్రలు చెబుతాయి. ఆ దుక్కి పండుగను 2009 నుంచి చాంద్రమాన కొత్త సంవత్సరం తొలి రోజుల్లో మళ్లీ జరుపుతున్నారు. అక్కడి నుంచి నిన్ బిన్ దగ్గరి చాంగ్ ఆన్ దూరం కాదు. నిటారు సున్నపురాతి కొండల కింద గుహల్లోంచి పడవలు సాగే ఆ చోటును యునెస్కో 2014లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. హా లాంగ్‌లో సముద్రంలో కనిపించే కొండలకు ఇవి చేల మధ్య నిలబడిన తోబుట్టువులు.

తిండి కూడా ఈ దారిలోనే ఉంది. బున్ రియెవ్ అనే నూడుల్స్ పులుసుకు చేల పీతలను దంచి, వడగట్టి, ఆ రసాన్ని కాచి, టమాటాలతో పులుపు తెస్తారు. నత్తలతో చేసే పులుసు ఇంకొకటి. వేదిక మీద నక్క ఎత్తుకుపోయిన బాతు కంచంలోనూ ఉంటుంది. వరి లేకుండా ఇవేవీ లేవు. నూడుల్స్ బియ్యప్పిండివే, పీతా నత్తా చేను ఇచ్చేవే. శాకాహారులకు ఇబ్బందేనన్నది న్యాయమైన అభ్యంతరం, ఎందుకంటే చేపల సాస్ అక్కడ దాదాపు ప్రతి వంటలోనూ పడుతుంది. అయితే బౌద్ధ సంప్రదాయపు శాకాహారం అక్కడ బలంగా ఉంది. చాంద్రమాన నెలలో ఒకటో తేదీ, పదిహేనో తేదీ చాలామంది మాంసం ముట్టరు. బోర్డు మీద 'చాయ్' అని కనిపిస్తే అది శాకాహార భోజనశాల, తేనీటి కొట్టు కాదు.

హో చి మిన్ నగరం, మెకాంగ్, హోయి ఆన్ వదులుకుంటే నష్టం కాదా అంటే నష్టమే. కానీ వారంలో నాలుగు ఊళ్లు తాకి వచ్చినవాడు కోల్పోయేది అంతకన్నా ఎక్కువ, పైగా కోల్పోయానని వాడికి తెలియదు. 2023 ఆగస్టు నుంచి ఈ-వీసా 90 రోజుల దాకా ఇస్తున్నారు కనక, దక్షిణానికి విడిగా వెళ్లవచ్చు. పల్లె సంఘాల ఆట మీరు వెళ్లిన రోజున ఉండకపోవచ్చు. ముందుగా కబురు పెట్టుకుని, తేదీలను వాళ్లకు తగ్గట్టు మార్చుకోవాలి. ఆ కాస్త శ్రమ వృథా కాదు. నగరపు తొట్టి ముందు కుర్చీ ఎలాగూ నిండుతుంది. గట్టు మీద ప్రేక్షకుడు ఉన్నంతకాలమే ఊరి సంఘం కొత్త బొమ్మ చెక్కుతుంది, కుర్రవాళ్లకు బొంగు పట్టడం నేర్పుతుంది.