కంటికి కనిపించు ఫోల్డరు, ప్రోగ్రాము నిలిచిన ఫోల్డరు

నర్మెట్టలో ఒక ఉన్నత పాఠశాల విద్యార్థి, తరగతి మార్కులను కూడు చిన్న ప్రోగ్రామును పైథాన్ భాషలో వ్రాసినాడనుకొందము. ప్రోగ్రాము, మార్కుల ఫైలు రెండును ఒకే ఫోల్డరులో ఉన్నవి. టెర్మినల్ తెరచి, ఆ ఫోల్డరులోనికి పోయి నడిపినపుడు లెక్క సరిగా వచ్చినది. మరునాడు ఉపాధ్యాయునికి చూపుటకై ప్రోగ్రాముకు నడుచుటకు అనుమతి నిచ్చి, ఫైల్ మేనేజరులో దానిపై రెండుసార్లు నొక్కినాడు. తెరమీద ఏమియు కనిపించలేదు. ప్రోగ్రాములో ఒక్క అక్షరమైనను మారలేదు. తప్పు తన కూడికలో ఉన్నదనుకొని బాలుడు మళ్ళీ మళ్ళీ వెదకును.

తప్పు కూడికలో లేదు. లినక్స్‌లో నడుచు ప్రతి ప్రాసెస్ ఏదో ఒక డైరెక్టరీలో నిలిచి ఉండును. దానిని వర్కింగ్ డైరెక్టరీ అందురు. పూర్తి మార్గము చెప్పక వట్టి పేరుతో ఫైలును అడిగినచో యంత్రము ఆ నిలిచిన చోటనే వెదకును. ప్రోగ్రాము ఎక్కడ దాచబడినదో అది చూడదు. నర్మెట్టలో నిలిచి "ప్రక్క ఊరు" అన్నచో ఒక ఊరు, జనగామలో నిలిచి అన్నచో వేరొక ఊరు గదా!

ఈ నిలుచు చోటు పుట్టుకతో వచ్చును. పుట్టించిన ప్రాసెస్ ఎక్కడ నిలిచినదో, వేరుగా చెప్పనిచో, పిల్ల ప్రాసెస్ కూడ అక్కడే నిలుచును. ఫైల్ మేనేజరు సాధారణముగా వినియోగదారుని హోమ్ డైరెక్టరీలో ఉండును. మనము తెరపై ఎన్ని ఫోల్డరులు తెరచినను అది అక్కడినుండి కదలదు.

ఈ చిక్కు క్రొత్తది కాదు. లినక్స్ 1991లో పుట్టినది. దానికి మాతృక వంటి యూనిక్స్ తొలినాళ్ళలోనే దీని అన్న వంటి చిక్కు వచ్చినది. ప్రాసెస్‌లను పుట్టించు "ఫోర్క్" అను ఏర్పాటు చేయగానే, డైరెక్టరీ మార్చు ఆజ్ఞ పనిచేయుట మానివేసినదని డెన్నిస్ రిచీ 1979 నాటి వ్యాసములో చెప్పినాడు. కారణము వింతయైనది. ఆజ్ఞను నడుపుటకు పుట్టిన పిల్ల ప్రాసెస్ తన డైరెక్టరీని చక్కగానే మార్చుకొని, వెంటనే ముగిసిపోయెడిది. తల్లియైన షెల్ మాత్రము పాత చోటనే ఉండెడిది. చివరకు ఆ ఆజ్ఞను షెల్‌లోనే ఇమిడ్చినారు.

అంత పాత పాఠమును ఫైల్ మేనేజరులు ఎందుకు పట్టించుకొనవు? వాటి పక్షమున ఒక మాట ఉన్నది. పెన్‌డ్రైవ్‌లోని ఫోల్డరులో ప్రోగ్రాము నిలిచి ఉన్నంతవరకు ఆ పెన్‌డ్రైవ్‌ను సక్రమముగా తీయుట కుదరదు. వ్యవస్థ "పనిలో ఉన్నది" అనును. ఈ వాదములో నిజము లేకపోలేదు. కాని అది పెన్‌డ్రైవ్‌కు తగిన జవాబు మాత్రమే. ఒక ఫోల్డరును కన్నుల యెదుట పరచి, అందులోని ప్రోగ్రామును నొక్కమని పిలిచి, నొక్కిన తరువాత వేరొక చోట నడుపుట వాడువానిని మోసగించుటయే. పైగా అన్ని ఫైల్ మేనేజరులు ఒకేరీతిగా లేవు. కొన్ని హోమ్‌లో నడుపును, కొన్ని ప్రోగ్రామున్న ఫోల్డరులోనే నడుపును. ఒక యంత్రముపై నేర్చినది రెండవదానిపై తప్పగును.

ఫైలు దొరకక ప్రోగ్రాము ఆగిపోవుట చిన్న కష్టము. ఆ ప్రోగ్రాము మార్కులను వ్రాయునదైనచో? అది తప్పు చూపదు. హోమ్ డైరెక్టరీలో అదే పేరుతో క్రొత్త ఫైలు సృష్టించి, మార్కులు అందులో వ్రాసి, తృప్తిగా ముగియును. ఇపుడు తరగతికి రెండు మార్కుల పట్టికలు! ఉపాధ్యాయుడు పాతదానిని తెరచి, నిన్న ఎక్కించిన మార్కులు పోయినవనుకొనును. చప్పుడు లేని ఈ తప్పే నాకు ఎక్కువ భయము.

ప్రోగ్రాము వ్రాయువారిని కూడ విడిచిపెట్టరాదు. పైథాన్‌లో ప్రోగ్రాము తానున్న ఫైలు పేరునుండి తన ఫోల్డరును కనుగొని, దానితో పూర్తి మార్గము కట్టుకొనవచ్చును. పాఠములు చెప్పువారు దీనిని "తరువాత చూతము" అని దాటవేయుదురు. డెస్క్‌టాప్‌పై ఉంచు లాంచరు ఫైలులోనైతే "పాత్" అను వరుస ఉన్నది; ప్రోగ్రాము ఏ డైరెక్టరీలో నడువవలెనో అందులో వ్రాయవచ్చును. లాంచరుకు ఇచ్చిన ఈ సౌకర్యము వట్టి నొక్కుడుకు ఎందుకు లేదో నాకు అర్థము కాదు.

మీ బడిలోని యంత్రము సంగతి తెలిసికొనుట సులభము. వట్టి పేరుతో ఒక ఖాళీ ఫైలు సృష్టించు రెండు వరుసల ప్రోగ్రాము వ్రాసి, నడుచుటకు అనుమతి నిచ్చి, ఒకసారి టెర్మినల్ నుండియు, ఒకసారి ఫైల్ మేనేజరు నుండియు నడుపుడు. ఆ ఖాళీ ఫైలు ఏ ఫోల్డరులో తేలినదో వెదకుడు.