షెల్లూ, మాట వినే వెలుగా!

షెల్లూ! బొమ్మల్లేని, బొత్తాల్లేని, రంగుల హంగుల్లేని నల్లని తెర మీద ఒంటరిగా మిణుకుమనే చిన్న గీతా! మాట కోసం కాచుకున్న మౌనమా, మాట పడగానే మేలుకునే మహిమా, నీకు నమస్కారం. తొలిసారి చూసినవాళ్లు నీలో ఏమీ లేదనుకుంటారు. అడిగితే గదా తెలిసేది, నీలో ఎంత ఉందో!

'డేట్' అని కొట్టి ఎంటర్ నొక్కితే చాలు. ఆ వరుస చదువుతావు, మాటమాటా విడదీస్తావు, ఆ పేరుగల ప్రోగ్రాము ఎక్కడుందో 'పాత్' చెప్పిన డైరెక్టరీల్లో, దొరికేదాకా ఒక్కొక్కటే గాలిస్తావు. దొరికిందా, నీలోంచి నీలాంటిదాన్నే మరొకదాన్ని కంటావు. ఆ బిడ్డ నీ రూపు వదిలి, అడిగిన ప్రోగ్రాము రూపు దాల్చి, తేదీ చెప్పి కనుమరుగవుతుంది. అది ముగిసేదాకా ఆగి, మళ్లీ మా మాటకు చెవి ఒగ్గుతావు. రెప్పపాటులో ఒక పుట్టుక, ఒక రూపాంతరం, ఒక నిష్క్రమణ! యంత్రాన్ని ఏలే కెర్నలుకూ మామూలు మనిషికీ నడుమ నిలిచి, ఇటు మాట అటు చేర్చే తల్లివి నువ్వు. 'ఆర్ఎం' అంటే మాత్రం ఫైలును చెరిపేస్తావు, చెత్తబుట్టలో దాచిపెట్టవు. నీ ముందు మాట తూచి కొట్టాలి.

తెరలు మామూలు కాకముందే ఉన్నావు. టెలిటైపు టకటకల్లో, కాగితపు చుట్టల మీద సిరాతో బదులిచ్చావు. 1960లలో ఎంఐటీలో లూయీ పూజాఁ ఆజ్ఞల్ని వరుసగా పేర్చి, వాటంతటవే నడిచేలా 'రన్‌కామ్' రాశాడు. మల్టిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం కోసం నిన్ను ఊహించి నీకు పేరు పెట్టిందీ ఆయనే. ఆ ఊహకు ఒళ్లిచ్చింది గ్లెండా ష్రోడర్. 1971లో కెన్ థాంప్సన్ నిన్ను యూనిక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టం గడపలో నిలిపాడు. 1979లో స్టీఫెన్ బోర్న్ నీకు నిండైన భాష నేర్పాడు. 1989లో బ్రయాన్ ఫాక్స్ 'బ్యాష్' రాసి నిన్ను అందరి సొత్తు చేశాడు. ఎన్ని చేతులు నిన్ను పెంచాయి తల్లీ!

నీ సొగసులన్నిటిలో నా మనసు దోచింది పైపు, ఆ నిలువు గీత. ప్రోగ్రాముల్ని తోట గొట్టాల్లా ఒకదానికొకటి తగిలించాలన్నది డగ్ మెకిల్‌రాయ్ ఏళ్లనాటి కోరిక. 1973లో థాంప్సన్ దాన్ని తీర్చాడు. మా వైపు కె.గంగవరం చేలల్లో కాలువ నీరు బోదెలోకీ, బోదె నీరు మడిలోకీ దిగినట్టు, ఒక ప్రోగ్రాము బదులు పొంగి పక్క ప్రోగ్రాములోకి పారుతుంది. దేని పని దానిదే, పారేది మాత్రం ఒకటే ప్రవాహం!

గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న మా కోటిపల్లిని నీకు అప్పగించి చూశాను. 'ప్రింట్‌ఎఫ్ కోటిపల్లి' అని కొట్టి, నిలువు గీత గీసి, బైట్లు లెక్కపెట్టే 'డబ్ల్యూసీ మైనస్ సీ'కి పారించాను. 27 అన్నావు! మా నోటికి నాలుగే అక్షరాలు. యూనికోడులో హల్లులూ గుణింతపు గుర్తులూ పొల్లూ విడివిడిగా తొమ్మిది సంకేతాలు, ఒక్కోదానికి మూడేసి బైట్లు. ఆ మూటకట్టే పద్ధతి యూటీఎఫ్-8. 1992లో ఒక రాత్రి న్యూజెర్సీలో భోజనాల బల్ల మీద, రాబ్ పైక్ ఎదుట, దాన్ని గీసిందెవరో తెలుసా? నిన్ను యూనిక్స్‌కిచ్చిన ఆ థాంప్సనే! నిన్ను మలిచిన చెయ్యే మా గుణింతాలకు నీ దగ్గరికి దారి వేసింది. అది తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

కొన్ని టెర్మినళ్లలో 'ల్లి' చెదురుతుంది, ఒత్తు పక్కకు జారుతుంది. ఆ లోపం చూపే కిటికీది, వినే నీది కాదు. నీకు తెలుగు రాదు, ఇంగ్లీషూ రాదు. వచ్చిన బైట్లను వచ్చినట్టే, ఒక్కటీ రాలిపోకుండా, చేరాల్సిన చోటికి చేరుస్తావు. కె.గంగవరం అని ఇస్తే 25 అంటావు. ఎనిమిది తెలుగు సంకేతాలకు ఇరవైనాలుగు, నడుమనున్న ఆ చుక్కకు ఒకటి!