ఎనిమిదవ వచనము దగ్గర ఆగిన ప్రసంగము: వృద్ధుల సంరక్షణపై 1 తిమోతి 5:3-16 పునఃపరిశీలన

వృద్ధులైన తలిదండ్రుల పోషణను గూర్చి మన ప్రసంగ వేదికలపై ఎక్కువగా వినబడు వాక్యము 1 తిమోతి 5:8. తన ఇంటివారిని విడిచిపెట్టిన విశ్వాసిని ఈ పత్రిక ఎంత కఠినముగా ఖండించునో అందరికీ తెలిసినదే. ఆ ఖండన న్యాయమైనది. అయితే ప్రసంగము అక్కడే ముగియుట వలన, పిల్లలను గద్దించుటతో సంఘము పని తీరిపోయినదన్న భావము ఏర్పడుచున్నది. 3 నుండి 16 వరకు గల భాగమంతటినీ కలిపి చదివినయెడల అట్టి భావమునకు తావు లేదని మేము చూపగోరుచున్నాము.

మొదటగా, 3వ వచనములోని సన్మానమను మాట. దీనికి సంబంధించిన 'తిమే' అను గ్రీకు పదమునకు గౌరవమనియు, వెల అనియు అర్థములున్నవి. 17, 18 వచనములలో పెద్దల సన్మానమును గూర్చి చెప్పిన వెంటనే పనివాని జీతము ప్రస్తావనకు వచ్చుట గమనార్హము. కావున సన్మానమనగా నమస్కారము మాత్రమే కాదు. అన్నము, వస్త్రము, ఔషధము కూడ. మార్కు 7:9-13లో కొర్బానును గూర్చి ప్రభువు చేసిన విమర్శ దీనినే స్థిరపరచుచున్నది. కుమారుని కానుకకు శిలాఫలకము వేయించి, ఊరిలో ఒంటరిగా ఉన్న అతని తల్లి క్షేమమును విచారింపని సంఘమునకు ఆ విమర్శ నేటికీ తగులును.

రెండవదిగా, బాధ్యతల పంపకము. 4వ వచనము పిల్లలతోపాటు మనుమలను కూడ బాధ్యులుగా పేర్కొన్నది. తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ కొరకు మన దేశములో 2007లో చేయబడిన చట్టము కూడ కుమారులను, కుమార్తెలను, మనుమలను, మనుమరాండ్రను పేర్కొన్నది. ఆ నిర్వచనములో కోడలు లేదు. కాని పక్షవాతముతో మంచము పట్టిన అత్తగారిని పుండ్లు పడకుండ ప్రక్కకు త్రిప్పుట, మతిమరుపు వ్యాధితో రాత్రివేళ లేచి తిరుగు మామగారిని కనిపెట్టుకొని యుండుట మన ఇండ్లలో తరచుగా కోడలి పనియే. కుమారుడు దూరదేశమునుండి డబ్బు పంపగలడు, నిద్ర పంపలేడు.

16వ వచనము ఇట్టి స్త్రీకి దగ్గరగా వచ్చుచున్నది. కొన్ని ప్రాచీన ప్రతులలో విశ్వాసి, విశ్వాసురాలు ఇద్దరి ప్రస్తావన ఉన్నను, ఎక్కువమంది పండితులు అంగీకరించు పాఠములో స్త్రీ మాత్రమే ఉన్నది. సంఘముపై భారము పడకూడదన్న మాటను సంఘమునకు విడుదల పత్రముగా చదువరాదు. నిజముగా దిక్కులేనివారికి సహాయపడుటకే ఆ జాగ్రత్త. 60 ఏండ్లకు తక్కువ కాని విధవరాండ్ర పేర్లు వ్రాయు జాబితా 9వ వచనములోనే ఉన్నది.

అయినను ఈ వాక్యభాగమునకు హద్దులున్నవి. వృద్ధ పురుషుల పోషణ ఇందులో ప్రత్యేకముగా లేదు. సేవచేయువారి అలసటను గూర్చి మాట లేదు. 9, 10 వచనములలోని షరతులను నేటి సహాయమునకు అర్హతలుగా మార్చుట అన్యాయమగును. మనము నేర్చుకొనవలసినది, పేరు పేరున జాబితా వ్రాసిన ఆ సంఘపు శ్రద్ధను.

మన సంఘ రిజిస్టర్లలో బాప్తిస్మములు, వివాహములు, భూస్థాపనలు వ్రాయుచున్నాము. భూస్థాపనకు ముందు ఏండ్ల తరబడి సాగిన మంచపు జీవితమునకు అందులో పుట లేదు. ఆ పుట తెరువవలెను. అందులో వృద్ధుని పేరు ప్రక్కన సేవచేయువారి పేరు కూడ ఉండవలెను. కాపరి మంచమునొద్ద ప్రార్థించి, ప్రభురాత్రి భోజనమిచ్చి వచ్చునప్పుడు, తలుపునొద్ద నిలిచిన ఆమెను కూడ పలుకరించవలెను. ఆదివారము ఆమెకు బదులుగా కూర్చుండుటకు సభ్యులను వంతులవారీగా ఏర్పరచినయెడల ఆమెయు ఆరాధనకు రాగలదు. 8వ వచనమును ధైర్యముగా బోధించు హక్కు అట్టి సంఘమునకే ఉన్నదని మా అభిప్రాయము.