సుందర్‌లాల్ నివేదిక: పాలకుల బాధ్యత

అధికారాన్ని దుర్వినియోగం చేసిన పాలకుణ్ణి నేరస్థునిగా నిలబెట్టడం సాధ్యమా అన్న ప్రశ్నకు తెలుగునాట పరిశీలింపదగిన ముఖ్యపత్రం సుందర్‌లాల్ నివేదిక. మదనపల్లె, పుంగనూరు, కుప్పం 1948లో మద్రాసు రాష్ట్రపు చిత్తూరు జిల్లాలోనివి. కనుక అక్కడి పాఠకులకు ఇది పొరుగు సంస్థానపు గాథగా తోచవచ్చును. కాని 1956లో ఉభయ ప్రాంతాలూ ఒకే రాష్ట్రమైనప్పుడు ఆ గాథలోని తీరని బాకీ కూడా ఉమ్మడి అయింది.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. ఆ రోజులలోనూ, ఆ తరువాతనూ చెలరేగిన హింస దృష్ట్యా భారత ప్రభుత్వం పంపిన బృందంలో పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ సభ్యులు. వారు నవంబరు 29 నుండి డిసెంబరు 21 వరకు పర్యటించి, 16 జిల్లాలలో 9 జిల్లాలను చూచారు. తక్కువలో తక్కువగా 27,000 నుండి 40,000 మంది మరణించి ఉంటారని అంచనా వేశారు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో ప్రాణనష్టం అత్యధికం.

నివేదికకు విలువ తెచ్చినది దాని నిష్పాక్షికత. రజాకార్ల బలవంతపు వసూళ్లను, దోపిడీలను అది దాచలేదు. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు కూడా నేరాలలో పాల్గొన్నారని చెప్పడానికి వెనుదీయలేదు. ముస్లిం నేతగాళ్లను హిందూ నేతగాళ్లు కాపాడిన సంగతినీ నమోదు చేసింది.

అయితే తమది విచారణ సంఘం కాదనీ, సామరస్యాన్ని నెలకొల్పే సద్భావ బృందమనీ సభ్యులే చెప్పుకున్నారు. లోపమంతా ఇక్కడనే ఉన్నది. మృతుల లెక్క ఉన్నది గాని, బాధ్యత ఏ మెట్టు వరకు పోతుందో తేల్చే ప్రయత్నం లేదు. ఎవరు ఆజ్ఞాపించారు? ఎవరు తెలిసీ ఉపేక్షించారు? ఆపగలిగి ఆపనివారెవరు?

ఈ ప్రశ్నలు ఆనాటికి కొత్తవి కావు. ఆ నవంబరులోనే టోక్యో న్యాయస్థానం జపాను నాయకులకు శిక్షలు విధించింది. బృందం ఇంకా పర్యటనలో ఉండగానే, డిసెంబరు 9న, ఐక్యరాజ్యసమితి జాతిహనన నిరోధక ఒడంబడికను ఆమోదించింది. పాలకులైనా, అధికారులైనా, సామాన్యులైనా శిక్షార్హులేనని దాని 4వ అధికరణం. హైదరాబాదు ఘటనలకు ఆ పేరు పెట్టడం తొందరపాటే అవుతుంది. ఆ నేరానికి ఒక జనవర్గాన్ని నిర్మూలించే ఉద్దేశం రుజువు కావలె. కాని హోదా నేరానికి కవచం కారాదన్న సూత్రం ఆ పేరుపై ఆధారపడినది కాదు. అధికారులపై ప్రజల ఫిర్యాదులు వినే మజాలిమ్ న్యాయస్థానాన్ని గూర్చి 11వ శతాబ్దిలోనే అల్ మావర్దీ సవిస్తరంగా వ్రాశాడు.

జరిగినది వేరు. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ సాధారణ క్రిమినల్ కేసులో శిక్ష అనుభవించి, 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లాడు. నిజాం 1950 నుండి 1956 వరకు రాజప్రముఖ్‌గా కొనసాగాడు. నివేదికను ప్రభుత్వం దశాబ్దాల తరబడి ప్రచురించలేదు.

1998 నాటి రోమ్ శాసనం అధిపతుల మినహాయింపును తొలగించి, క్రిందివారి నేరాలకు పైవారి బాధ్యతను నిర్వచించింది. కాని 2002 జులై 1కి పూర్వపు నేరాలు దాని పరిధిలోకి రావు. భారతదేశం అందులో చేరనూ లేదు. కనుక ఈ బాకీని తీర్చే అంతర్జాతీయ న్యాయస్థానం లేదు. మిగిలినది సత్యప్రకటన. నివేదిక మొత్తం తెలుగులో వెలువడి, రజాకార్ల బాధితులూ, సెప్టెంబరు తరువాతి బాధితులూ ఒకే పుటపై కనిపించాలి. ఒక పక్షపు మృతులను మాత్రమే లెక్కించే చదువరికి ఏ పాలకుణ్ణీ ప్రశ్నించే అర్హత ఉండదు.