ముందు చెవి, తర్వాత గొంతు

'టెన్ కమాండ్‌మెంట్స్' 1956లో వచ్చిన హాలీవుడ్ చిత్రం. సిసిల్ బి. డిమిల్ తీశారు. మోజెస్‌గా చార్ల్‌టన్ హెస్టన్, ఫారో రామెసెస్‌గా యూల్ బ్రిన్నర్ నటించారు. నిడివి మూడున్నర గంటల పైమాటే. రథాలు, కొరడాలు, వేలాది జనం, చీలిపోయే సముద్రం. ఆ ఘట్టాలన్నీ వరంగల్ మట్టెవాడ మనిషి ఒక్కరే మైకు ముందు నిలబడి వినిపించేవారు. ఆయన నేరెళ్ల వేణుమాధవ్. 1932 డిసెంబరు 28న పుట్టారు. జనం ఆయన్ను ధ్వన్యనుకరణ సామ్రాట్టు అన్నారు. ఆ బిరుదుకు ఆయన అన్ని విధాలా తగినవారు.

మిమిక్రీ అంటే గొంతు మార్చడమే అనుకుంటాం. నిజానికి అది ఆఖర్న జరిగే పని. మొదటి పని వినడం. ఎస్వీ రంగారావునే తీసుకోండి. 'పాతాళభైరవి' (1951)లో నేపాళ మాంత్రికుడు ఆయనే, 'మాయాబజార్' (1957)లో ఘటోత్కచుడూ ఆయనే. గొంతు ఒకటే, మాటతీరు మాత్రం వేరు. మాంత్రికుడు అక్షరాలను సాగదీస్తాడు, మాటను నోట్లో నానబెట్టి వదులుతాడు. ఘటోత్కచుడి మాట ఛాతీలోంచి పొంగుకొస్తుంది. కాబట్టి అనుకరించేవాడు రంగారావును పట్టుకుంటే చాలదు, ఏ పాత్రలోని రంగారావో కూడా పట్టుకోవాలి. గుణచిత్ర నటుడు పాత్ర కోసం చేసిన కసరత్తంతా మిమిక్రీ కళాకారుడు మళ్లీ చేయాల్సిందే. అదీ వేషం, మేకప్పు, సెట్టింగు ఏమీ లేకుండా.

అసలు నటుడి గొంతు ఎక్కడినుంచి పలుకుతోంది, ఛాతీలోంచా, ముక్కులోంచా, అంగిట్లోంచా? వాక్యం మొదట్లో ఊపిరి తీస్తాడా, మధ్యలోనా? ఏ అక్షరం మీద ఒత్తుతాడు, ఏ అక్షరాన్ని మింగేస్తాడు? మాటకీ మాటకీ మధ్య ఎంతసేపు ఆగుతాడు? ఇవన్నీ చెవికి అందాకే గొంతుకు పని. నటుడు నాగయ్య గారిని చేయబోయి వణుకు ఒక్కటే పట్టుకున్నవాళ్లు చాలామంది. ఆ వణుకు కింద ఉన్న నెమ్మదిని వదిలేస్తే అది నాగయ్య కాదు, వట్టి వెక్కిరింపు.

ఇక సినిమా దృశ్యాన్ని వినిపించడం ఇంకా కష్టం. గొంతు ఒక్కటే, ఒకసారికి ఒక్క శబ్దమే పుడుతుంది. కానీ తెరమీద సంగీతం, గుర్రపు డెక్కలు, సంభాషణ ఒకేసారి నడుస్తాయి. కళాకారుడు ఏం చేస్తాడు? నాలుకను అంగిటికి తాటించి డెక్కలు మొదలుపెడతాడు. అవి మన చెవిలో కుదురుకున్నాయనగానే సంభాషణలోకి వెళతాడు. మాట మధ్య ఖాళీలో రెండు డెక్కలు మళ్లీ వేస్తాడు. ఆపిన సేపు కూడా మనకు గుర్రం వినపడుతూనే ఉంటుంది. మిగతాది శ్రోత చెవే పూరిస్తుంది. మైకు కూడా అతని చేతిలో వాద్యమే. పెదాలు ఆనించి గాలి వదిలితే పిడుగు, మొహం పక్కకు తిప్పి పిలిస్తే దూరపు కేక. ఇంగ్లీషు రానివాడికి కూడా మోజెస్ ఎవరో, రామెసెస్ ఎవరో తెలియాలంటే అర్థం మీద కాదు, ధ్వని మీద పట్టుండాలి. ఈ కళ గొప్పతనమంతా అక్కడే ఉందని నేననుకుంటాను.

ఇది మనకు కొత్తగా వచ్చిన విద్యేమీ కాదు. ఒగ్గుకథలో ప్రధాన కథకుడు మల్లన్నా అవుతాడు, మేడాలమ్మా అవుతాడు. హరిదాసు కాలి గజ్జె ఆడిస్తూ రావణుడి నుంచి సీతలోకి జారిపోతాడు. తోలుబొమ్మల తెర వెనక ఒకరిద్దరే రామాయణం అంతా పలుకుతారు. వేణుమాధవ్ ఆ వారసత్వానికి మైకునీ, సినిమానీ కలిపారు. 1971లో న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయంలో ప్రదర్శన ఇచ్చారు. 2001లో పద్మశ్రీ అందుకున్నారు. శాసనమండలి సభ్యులుగానూ ఉన్నారు. వీటన్నిటికన్నా నాకు విలువైనదిగా తోచేది మరొకటి: ఆయన ఈ విద్యను దాచుకోలేదు. 'మిమిక్రీ కళ' పుస్తకం రాశారు, శిష్యులను తయారుచేశారు, తెలుగు విశ్వవిద్యాలయంలో ఇది చదువుగా మారడానికి పాటుపడ్డారు.

ఇప్పుడు నేర్చుకునే పిల్లలు చాలామంది అసలు నటుణ్ణి వినడం లేదు. ఇంకో మిమిక్రీ కళాకారుడు చేసిన రంగారావును చేస్తున్నారు. నకలుకు నకలు తీస్తే ప్రతిసారీ ఓ గీత చెరిగిపోతుంది. పాత సినిమా పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఒకే సన్నివేశం పదేపదే వినండి. దానికి అడ్డదారి లేదు.

వేణుమాధవ్ 2018 జూన్ 19న కన్నుమూశారు. ఆయన కార్యక్రమాలను ఊళ్లలో, కాలేజీల్లో టేపురికార్డర్లతో పట్టుకున్నవాళ్లు ఉండే ఉంటారు. క్యాసెట్టు టేపు ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది. మీ ఇంట్లో అటకమీద అలాంటి క్యాసెట్టు ఏదైనా ఉంటే ఈ వారమే దించి కంప్యూటర్‌లోకి ఎక్కించండి, ఒక ప్రతి ఏదైనా గ్రంథాలయానికి ఇవ్వండి.